నీలిమందు పూసిన కోడి

మొన్న ఆదివారం పొద్దున పుంగ్గోల్‌లో మా బ్లాక్ కింద కాఫీకని దిగాను. జనం గుంపుగా నిలబడి ఫోన్లు పైకెత్తి ఉండటం చూసి, ఎవరైనా సినిమావాళ్ళు వచ్చారేమోనని నేనూ తొంగిచూశాను. వచ్చింది ఒక కోడి. ఈ మధ్య ఊళ్ళో తిరుగుడుకోళ్ళు ఎక్కువై బస్‌స్టాపు దగ్గరకు కూడా మనకంటే ముందే వచ్చి నిలబడుతున్నాయి కాబట్టి, కోడి వింత కాదు. దాని వీపు మీద అరచేయంత మేర ఈకలు లేవు. తోలు లేచి ఎర్రగా కనపడుతోంది, ఆ ఎరుపు చుట్టూ ఈగలు. నాకు తెలియకుండానే ఒంగి రెండు చేతులూ చాపాను. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో గుర్తుండని వయసు వచ్చింది గానీ, కోడిని పట్టుకునేటప్పుడు రెక్కలు రెండూ ఒంటికి అదిమి పట్టాలన్న సంగతి మాత్రం చేతులు మరిచిపోలేదు. వెనక నుంచి, ఇక్కడివాళ్ళందరిలా మాట చివర 'లా' తగిలిస్తూ, మా అమ్మాయి గొంతు వినపడింది.

"డాడీ, డోంట్ టచ్ లా! యానిమల్ రెస్క్యూ నంబర్ ఉంది, కాల్ చేస్తే వాళ్ళే వస్తారు."

వాళ్ళే వచ్చారు. చేతులకు తొడుగులు వేసుకుని, కోడిని పెట్టెలో పెట్టుకుని, అందరికీ థాంక్యూ చెప్పి వెళ్ళిపోయారు. పైకి వచ్చాక కింద ఏమిటా సందడి అని మా ఆవిడ అడిగితే, ఎవరో ఫొటోలు తీసుకుంటున్నారన్నాను. అబద్ధం కాదు. ఎందుకు అంతవరకే చెప్పి ఊరుకున్నానో చెప్పాలంటే మాత్రం ఇరవై ఏళ్ళ పైచిలుకు వెనక్కి వెళ్ళాలి.

మన తరంవాళ్ళకు ఆ రోజులు వేరే చెప్పనక్కర్లేదు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోయి లోకం మునిగిపోతుందని మమ్మల్ని విమానాల నిండా ఇక్కడికి తెప్పించుకున్నారు. లోకం మునగలేదు. ఆ ఘనత మాదేనని మేమూ, అసలు మునిగేదే కాదని మిగతావాళ్ళూ అనుకుంటూ ఉండగానే డాట్‌కామ్‌లు వచ్చి మళ్ళీ అందరికీ పని దొరికింది. నేనూ, మా ఆవిడా చాంగీ వైపు వేర్వేరు ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళం. తోటివాళ్ళంతా ఫ్లాట్లలో ఉంటే మేము మాత్రం అక్కడికి దగ్గరలోనే ఒక పాత వీధిలో, ఒకదానికొకటి అతుక్కున్న ఇళ్ళలో ఒకదాని వెనక భాగం అద్దెకు తీసుకున్నాం. కారణం కోళ్ళు. ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు పెరట్లో నాలుగైదు నాటుకోళ్ళు తిరుగుతుండటం చూసి, పల్నాడులో కోళ్ళ మధ్య పెరిగిన మా ఆవిడ, వంటిల్లు కూడా చూడకుండానే ఇదే తీసుకుందామంది. చూసి ఉంటే తీసుకునేవాళ్ళం కాదు.

కోళ్ళు ఇంటిగలావిడవి. అందరిలాగే మేమూ ఆవిణ్ణి ఆంటీ అనేవాళ్ళం. ముందు భాగంలో ఒంటరిగా ఉండేది. వాళ్ళ తాతల కాలంలో మన వైపు నుంచి మలయా తోటల్లోకి వచ్చిన కుటుంబం. మాటను తెలుగులో మొదలుపెట్టి, తమిళంలో పెంచి, మలాయ్‌లో ముగించేది. కోడి గుడ్డు పెడితే తెచ్చి మా కిటికీలో పెట్టేది. మా ఆవిడ నెల తప్పిందని తెలిశాక గుడ్ల సంఖ్య పెరిగింది.

తొలికాన్పుకు పుట్టింటికి వెళ్ళాలి గదా. మా ఆవిడ ఆఫీసు పని వదిలి కదలనంటే, పుట్టిల్లే కదిలి వచ్చింది. అంటే మా అత్తగారు ఒక పెద్ద సూట్‌కేసుతో దిగారు. అందులో పాత నూలు చీరలు ఉతికి చింపిన మెత్తటి గుడ్డలు, వసకొమ్ము, ఆముదం సీసా, మా ఆవిడ పసితనంలో పాలు తాగిన వెండి ఉగ్గుగిన్నె ఉన్నాయి. ఇక మా అత్తగారి పద్ధతి ఒకటి చెప్పాలి. ఆవిడ అల్లుడితో నేరుగా మాట్లాడేవారు కాదు. కోపం కాదు, వాళ్ళ ఇళ్ళల్లో మర్యాద అది. నేను ఎదురుగా కూర్చుని ఉన్నా, మీ ఆయన్ను ఇంకాస్త అన్నం పెట్టుకోమనవే అని కూతురికి చెప్పేవారు. కూతురు నాకు చెప్పేది. వద్దని నేను కూతురికి చెప్పేవాణ్ణి. మూడడుగుల బల్ల మీద ఈ వార్తలు ఇలా చుట్టు తిరిగి వెళుతుంటే మా ఆవిడ నవ్వలేక చచ్చేది.

ఆవిడ వచ్చిన కొద్ది రోజులకే ఆసుపత్రికి పరుగెత్తవలసి వచ్చింది. ముగ్గురమై రావలసిన వాళ్ళం ఇద్దరమే తిరిగి వచ్చాం. ఆ సంగతి ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

తరవాత మా ఆవిడ మాట్లాడటం మానేసింది. ఏడవలేదు కూడా. పొద్దున లేచి వెనక మెట్టు మీద కూర్చుని కోళ్ళను చూస్తూ ఉండేది, ఎండ వస్తే లోపలికి వచ్చేది. మాటలు చేరవేసే మనిషి మౌనంగా ఉండేసరికి నాకూ మా అత్తగారికీ మధ్య తీగ తెగిపోయింది. ఇద్దరం ఒకే ఇంట్లో రెండు దేశాల రాయబారుల్లా తిరిగాం. సూట్‌కేసు తాళం వేసి మంచం కిందికి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు మా ఆవిడ నోరు విప్పింది గానీ, విప్పి అన్న మాట ఒక్కటే. అమ్మ వీసా గడువు అయిపోతోంది, అమ్మతో నేనూ వెళ్ళిపోతాను అంది. తిరిగి ఎప్పుడు అని నేను అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని భయం. వెళ్ళి రెండు టిక్కెట్లు కొనుక్కొచ్చాను.

ఆ రోజుల్లోనే పెరటి మూల, బోర్లించిన పెట్టె కింద ఒక ఎర్రకోడి పొదుగుతోంది. మా ఆవిడ రోజంతా చూస్తూ కూర్చునేది దాన్నే. ఇంటి వెనక వర్షపునీళ్ళు పోయే పెద్ద సిమెంటు కాలువ ఉండేది. లోంకాంగ్ అంటారు ఇక్కడ. అందులో మనిషి చెయ్యంత పొడుగు ఉడుములు తిరిగేవి. ఒక శనివారం పొద్దున అందులోంచి ఒకటి ఎక్కి వచ్చింది. కోళ్ళ గోలకు మేము పరుగెత్తుకు వెళ్ళేసరికి ఉడుము కాలువలోకి జారిపోతోంది. పెట్టె తలకిందులై ఉంది. మిగతా కోళ్ళన్నీ గోడెక్కాయి. పొదిగే కోడి మాత్రం లేవకుండా అక్కడే ఉండిపోయినందుకు, వీపు మీద తోలు తోక దాకా చీరుకుపోయి, అట్లాగే కూర్చుని ఉంది. కింద గుడ్లు లేవు. గుడ్ల సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆ విషయంలో మాకు అప్పటికే అభ్యాసం ఉంది.

మా అత్తగారు పీట వేసుకుని కోడిని ఒళ్ళో పెట్టుకున్నారు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది, పలకదు. అల్లుడితో మాట్లాడకూడదు. ఏం చేయాలో ఆవిడకు ఒక్క క్షణం తోచలేదు. తరవాత కోడి వైపు తిరిగి మొదలుపెట్టారు.

"ఏమ్మా, ఎవరైనా కాసిని గోరువెచ్చటి నీళ్ళల్లో ఉప్పు వేసి తెస్తే బాగుండు గదా నీకు?"

తెచ్చాను.

"ఆ కత్తెర కూడా అందిస్తే, చుట్టూతా ఈకలు కత్తిరించొచ్చమ్మా. అట్టా నిలబడి చూస్తే ఏమొస్తది?"

కోడి నిలబడి లేదు కాబట్టి ఈ చివరి మాట నాకేనని గ్రహించి కత్తెర తెచ్చాను.

ఉప్పునీళ్ళతో గాయం కడిగి, అంటుకుపోయిన ఈకలు కత్తిరించి, మట్టి తీసి, మా అత్తగారు తమ ఊళ్ళో అన్ని దెబ్బలకూ వేసే మందే వేశారు. పసుపూ సున్నమూ కలిపిన పట్టు. సున్నం ఆవిడ తాంబూలం సంచీలోదే. గిన్నెలో కలపగానే ముద్ద ఎర్రగా తిరిగింది. ఎర్రనీళ్ళతో దిష్టి తీసే జాతికి అందులో వింత ఏముంటుంది? వీపు పొడుగునా దట్టంగా పట్టించి, కోడిని తన తోటి కోళ్ళ దగ్గర వదిలిపెట్టి, చేతులు కడుక్కుని మేము టీ తాగడానికి లోపలికి వెళ్ళాం.

టీ పూర్తి కాలేదు. మళ్ళీ గోల, ఈసారి ఉడుము లేదు. అవే కోళ్ళు, పొద్దున్న భయపడి గోడెక్కినవే, ఎర్రకోడిని మూలకు తరిమి ఆ ఎరుపు మీద పొడుస్తున్నాయి. ఒకటి పొడిచి తప్పుకుంటే మరొకటి వస్తోంది. పట్టూ, కింద మిగిలిన తోలూ కలిసి ఊడి వస్తున్నాయి. కోడి అరవడం కూడా మానేసి తల గోడకు ఆనించి నిలబడింది. ముందు వైపు నుంచి ఆంటీ చీపురుతో పరుగెత్తుకొచ్చింది.

"అలమాక్! ఏమమ్మా ఇది, కోడికి కుంకుమ పూసినారా? ఎరుపు కనబడితే కోడి చుమ్మా, ఊరికే ఉంటదా? చంపేస్తాయి లా!"

మా అత్తగారి మొహం పాలిపోయింది. అయినా పల్నాడు పల్నాడే.

"మా ఊళ్ళో మనుషులకు ఇదే పూస్తామమ్మా. మనుషులు పొడుచుకోరు మరి."

"మనుషులు పొడవరా?" అంది ఆంటీ, చీపురు ఝళిపిస్తూనే. "అయితే మీది నల్ల ఊరు లా. చానా మంచి ఊరు."

నల్ల అంటే తమిళంలో మంచి. ఆ మాటకు ఎవరం నవ్వలేదు. గుమ్మంలోంచి మా ఆవిడ దిగింది. కోళ్ళ మధ్యలోకి నడిచి వెళ్ళి, రెక్కలు రెండూ అదిమి ఎర్రకోడిని ఎత్తుకుని, మా ముగ్గురిలో ఎవరినీ చూడకుండా స్నానాల గదిలోకి తీసుకుపోయింది. ఎర్రపట్టు అంతా చెంబులకు చెంబులు నీళ్ళు పోసి కడిగింది. కనుబొమ్మలు సరిచేసుకునే చిమటాతో మిగిలిన ఇసుక ఒక్కో రేణువూ తీసింది. ఆంటీ తెచ్చి ఇచ్చిన నీలిమందు దూదితో అద్దింది. ఆ మందు మనకూ తెలిసిందే, చిన్నప్పుడు నోరు పూస్తే పూసేవాళ్ళు. ఎర్రగా ఉన్నది కాస్తా ముదురు ఊదారంగులోకి మారిపోయి, గాయం ఎక్కడుందో తెలియకుండా పోయింది. అప్పుడు నా వైపు చూసి, ఆ మానిటర్ వచ్చిన అట్టపెట్టె ఖాళీ చేసి తీసుకురా అంది. కొన్ని వారాల తరవాత ఆవిడ నాకు చెప్పిన మొదటి పని అది. ఆ పెట్టెలో మా కంపెనీ కాగితాలు ఉండేవి. వాటిని ఎక్కడ పోశానో ఇప్పటికీ తెలియదు.

కోడి నీళ్ళు ముట్టలేదు. గిన్నె పెడితే తల పక్కకు వాల్చేసింది. సాయంత్రం మా ఆవిడ మంచం కింది నుంచి సూట్‌కేసు లాగి తాళం తీసింది. మెత్తటి గుడ్డలు రెండు తీసి పెట్టెలో పరిచింది. ఉగ్గుగిన్నె తీసి, కడిగి, అందులో గంజి పోసి, ముక్కు పక్కన కొద్దికొద్దిగా వంపుతూ కూర్చుంది. మా అత్తగారు చూసి, వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు అంట్లు తోమారు. అవి నేను మధ్యాహ్నమే తోమిన అంట్లు.

తరవాతి రోజులు చెప్పుకోదగ్గవి కావు. కోడికి జ్వరం పట్టినట్టు ఒళ్ళు కాలేది. పెట్టె నుంచి వాసన వచ్చింది. ఈగలు వాలకుండా నా పాత దోమతెర ముక్క కప్పాం. గాయం అంచున పురుగు కనపడితే మా ఆవిడ మళ్ళీ ఉప్పునీళ్ళతో కడిగి, తీసి, మళ్ళీ నీలిమందు అద్దింది. ఆవిడ కుడిచేతి వేళ్ళు గోళ్ళతో సహా నీలమైపోయాయి, సబ్బుకు లొంగలేదు. నేను ఆఫీసులో ఎవరిదో ప్రోగ్రాములో తప్పులు వెతుకుతూ, మధ్యలో ఇంటికి ఫోను చేసి, బతికి ఉందా అని అడగడం బాగుండదు కాబట్టి ఏమైనా తిన్నదా అని అడిగేవాణ్ణి. ఫోను ఎత్తేది మా అత్తగారే. తిన్నదని కోడితో చెప్పినట్టు ఎవరికో చెప్పి పెట్టేసేవారు. కోడి పోతే ఆ రెండు టిక్కెట్లలో ఒకదాని మీద నా భార్య వెళ్ళిపోతుందనీ, ఇక రాదనీ నాకు ఎందుకో గట్టిగా తోచింది. ఇంజినీరింగ్ చదివినవాడు అలా అనుకోకూడదని తెలుసు. అనుకోవడం మాత్రం ఆగలేదు.

కోడి పోలేదు. మెల్లగా గాయం నల్లగా పక్కు కట్టింది. దాని అంచుల్లో ముళ్ళలాంటి కొత్త ఈకలు మొలిచాయి. పెట్టెలో లేచి నిలబడి నా చెప్పును పొడిచిన రోజు మా అత్తగారు వంటింట్లో దేవుడికి కొబ్బరికాయ కొట్టారు. ఇక మందలో వదిలేయొచ్చనుకున్నాను నేను. ఆంటీ ఒప్పుకోలేదు. ఇన్నాళ్ళు కనపడని కోడి వాటి లెక్కలో కొత్త కోడేనట. కొత్తదాన్ని మళ్ళీ చంపబోతాయట. ముందు తీగ బుట్ట కింద పెరటి మధ్యలో ఉంచాలి, అవి చూడాలి, ఇది చూడాలి, చూసి చూసి అలవాటు పడ్డాక వదలాలి. అలాగే ఉంచాం. కోళ్ళన్నీ బుట్ట చుట్టూ తిరిగి, తల వంచి, ఒక కంటితో ఒకసారీ మరో కంటితో ఒకసారీ చూసి వెళ్ళేవి.

మా ఆవిడ మెట్టు మీద కూర్చుని ఇదంతా చూస్తూ, నన్ను కాకుండా బుట్టనే చూస్తూ, ఉన్నట్టుండి అంది:

"ఆఫీసులో నన్ను చివరిసారి చూసినప్పుడు ఇంత పొట్టతో ఉన్నాను. ఇప్పుడు వెళితే అందరి కళ్ళూ ముందు ఎక్కడికి పోతాయో నాకు తెలుసు. పాపం అంటారు. ఒక్కొక్కళ్ళే వచ్చి పాపం అంటారు. నేను పడలేను."

పక్కనే బియ్యం ఏరుతున్న మా అత్తగారు బుట్టలోని కోడితో, "బుట్ట కింద ఎన్నాళ్ళుంటావే తల్లీ" అన్నారు.

విమానానికి వారం ముందు, మేత వేసే వేళకు, మా ఆవిడే బుట్ట ఎత్తింది. మందలో పెత్తనం చేసే నల్లకోడి మేత వదిలేసి వచ్చింది. ఎర్రకోడి కదలలేదు. నల్లకోడి దాని చుట్టూ తిరిగి, వీపు మీది నీలం రంగును తల వంచి చూసి, మెడ చాచింది. ఆంటీ చీపురు పైకెత్తింది. మా అత్తగారు కళ్ళు మూసుకున్నారు. నల్లకోడి ఎర్రకోడి కాళ్ళ దగ్గర పడి ఉన్న నూక గింజను తీసుకుని, తన పని తాను చూసుకుంది. కాసేపటికి ఎర్రకోడి కూడా వెళ్ళి చివర నిలబడి తినడం మొదలుపెట్టింది. మా ఆవిడ మెట్టు మీద కూలబడి అప్పుడు ఏడ్చింది, ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి. ఆంటీ చీపురు పక్కన పెట్టి, ఆవిడ తల నిమురుతూ, తమిళంలో ఏదో చెబుతూ కూర్చుంది. నేను కోళ్ళకు మేత వేశాను. వాటికి అప్పటికే వేసి ఉంది.

సోమవారం ఆవిడ ఆఫీసుకు వెళ్ళింది. నన్ను తోడు రావద్దంది. సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పుతూ, ఎవరూ పొట్ట వైపు చూడలేదనీ, లిఫ్టులో మొదలుకుని అందరూ ఆ నీలం వేళ్ళేమిటని అడిగారనీ, కోడి కథ చెప్పిచెప్పి గొంతు పోయిందనీ అంది. చైనీస్ మేనేజరు ఉడుము ఎంత పొడుగని రెండుసార్లు అడిగాడట. మీటింగులో నలుగురి ముందూ చేతులు బల్ల కింద దాచుకోవాలనిపించలేదట. రెండో వారం నాటికి వేళ్ళ రంగు పోయింది. అప్పటికి అడగవలసిన వాళ్ళంతా అడగడం అయిపోయింది.

రెండు టిక్కెట్లలో ఒకటి వాపసు చేశాం. చాంగీ విమానాశ్రయంలో మా అత్తగారు కూతుర్ని గట్టిగా పట్టుకుని వదిలి, నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, చుట్టూ చూసి, కోడి లేకపోవడం వల్ల కాబోలు, నాతోనే నేరుగా అన్నారు.

"జాగరత్తగా చూసుకోండి బాబూ."

నేను తల ఊపాను. ఆవిడ బతికి ఉన్నన్నాళ్ళూ నాతో నేరుగా అన్న మాట అదొక్కటే.

ఇప్పుడు ఆ వీధి లేదు. ఆ ఇళ్ళ వరస కొట్టేసి పెద్ద కాండో అపార్ట్‌మెంట్లు కట్టారు, ఒకసారి చూడబోతే గేటు దగ్గర కాపలావాడు నన్ను ఎవరు కావాలని అడిగాడు. ఎవరని చెప్పను? ఆంటీ పోయి చాలాకాలమైంది. మాకు మరికొన్నేళ్ళకు అమ్మాయి పుట్టింది, పెరిగింది, గుడ్డు సూపర్‌మార్కెట్‌లో పుడుతుందని చాలాకాలం నమ్మింది.

కిందటేడు మా పక్క ఫ్లాట్‌లో ఉండే వరంగల్ దంపతులకు మాకు జరిగినదే జరిగింది. ఆ పిల్ల దాచలేదు. బిడ్డకు అనుకున్న పేరుతో సహా ఫోనులో అందరికీ రాసింది. స్నేహితులు వచ్చారు, నేల మీద చుట్టూ కూర్చుని ఏడ్చారు, మధ్యలో నవ్వారు, ఆకలేస్తే బిర్యానీ తెప్పించుకుని తిన్నారు. గుమ్మంలో నిలబడి నేను మొదట కొంచెం తప్పు పట్టాను, తరవాత కొంచెం అసూయపడ్డాను. మన కాలంలో గాయం కనపడకుండా కప్పడమే వైద్యం. కనపడనివ్వడం కూడా ఒక వైద్యమేనని ఈ పిల్లలకు ఎవరు చెప్పారో గాని, వాళ్ళను ఎవరూ పొడవలేదు. మా ఆవిడ వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చుంది, చాలాసేపటికి తిరిగి వచ్చింది. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. కోడికయితే ఈకలు ఊది చూస్తే తెలిసేది, కింద తోలు కలిసిందో లేదో. మా మొదటి బిడ్డకు మేము పేరు పెట్టలేదు. పెట్టలేదనే నేను ఇన్నేళ్ళూ అనుకుంటున్నాను గానీ, ఆవిడ తనలో తాను ఏదైనా పెట్టుకుని పిలుచుకుంటోందేమో, నాకు తెలియదు.